పుస్తకం చేతికి అందేదాకా

ప్రతి అక్టోబరులో మా డిపార్ట్‌మెంటు నుంచి ఒక మెయిల్ వస్తుంది. జనవరి టర్ముకి ఏ పుస్తకాలు తెప్పించాలో పది రోజుల్లో తెలియజేయమని. దానితోపాటు ఒక ఫారం. కోర్సు పేరు, పుస్తకం పేరు, ప్రచురణ సంస్థ, ఎన్ని ప్రతులు. నాలుగే గళ్లు. టొరంటో పక్కన ఒక కాలేజీలో ఇంగ్లిషు చెబుతూ ఇరవై ఏళ్లుగా ఆ గళ్లు నింపుతున్నాను. పాఠం చెప్పడం అనగానే అందరికీ గొంతు గుర్తొస్తుంది, పద్యాన్ని విడమరిచే నేర్పు గుర్తొస్తుంది. నాకు మాత్రం ఈ వృత్తి బరువంతా ఆ ఫారంలోనే ఉందనిపిస్తుంది. నేను చెప్పిందాంట్లో ముప్పాతిక వంతు ఏప్రిల్ పరీక్షలతో పోతుంది. పుస్తకం పోదు. ఇల్లు మారినప్పుడల్లా అట్టపెట్టెలో విద్యార్థుల వెంట వెళుతుంది.

మొదట్లో నాకీ సంగతి తెలియదు. నాకంటే ముందు ఆ కోర్సు చెప్పినావిడ వదిలివెళ్లిన జాబితానే మూడేళ్లు ఉన్నదున్నట్టు పంపించాను. షేక్‌స్పియర్, డికెన్స్, హెమింగ్వే. నాలుగో ఏడు, గుంటూరు నుంచి వచ్చిన కుర్రాడొకడు క్లాసయ్యాక ఆగాడు. ‘మేడమ్, ఇంగ్లండ్ వాళ్లవి చదివాం, అమెరికా వాళ్లవి చదివాం. మనం ఉంటున్న ఈ దేశం వాళ్లు ఏమీ రాయలేదా అండీ?’ అన్నాడు. వెటకారం లేదు ఆ అడగడంలో. నిజంగానే తెలుసుకుందామని అడిగాడు. రెండు మూడు పేర్లయితే చెప్పాను గానీ, వాటిలో ఒక్కటి కూడా నేను మొదటి నుంచి చివరిదాకా చదివింది కాదు. ఆ రాత్రి బస్సులో ఇంటికొస్తుంటే ముఖం వేడెక్కింది.

మాల్కమ్ రాస్ అనే పేరు నాకు తెలిసింది ఆ చలికాలంలోనే. లైబ్రరీలో తీసిన ప్రతి పాత కెనడా నవల మీదా ఒకటే సిరీస్ పేరు, న్యూ కెనేడియన్ లైబ్రరీ. లోపలి పేజీలో జనరల్ ఎడిటర్‌గా ఒకటే పేరు. ఎవరీయన అని వెతుకుతూ పోతే, ఒక ఇంగ్లిషు పంతులు మొత్తం జీవితం బయటికొచ్చింది.

రాస్ 1911లో న్యూబ్రన్‌స్విక్ రాష్ట్రంలోని ఫ్రెడరిక్టన్‌లో పుట్టారు. కెనడాలో పేరు మోసిన తొలితరం కవులు బ్లిస్ కార్మన్, చార్లెస్ రాబర్ట్స్ తిరిగిన ఊరది. అక్కడే డిగ్రీ, టొరంటోలో ఎం.ఏ., అమెరికా వెళ్లి కోర్నెల్‌లో పీహెచ్‌డీ. ఆయన రంగం మిల్టన్. పదిహేడో శతాబ్దపు ఇంగ్లిషు కవిత్వం. మిల్టన్ మీద ఆయన పుస్తకం 1943లో వచ్చింది. యుద్ధకాలంలో నేషనల్ ఫిల్మ్ బోర్డులో పనిచేసి, 1945లో విన్నిపెగ్ వెళ్లి మానిటోబా విశ్వవిద్యాలయంలో పాఠాలు మొదలుపెట్టారు. 1950లో కింగ్‌స్టన్‌లోని క్వీన్స్ విశ్వవిద్యాలయానికి మారారు.

ఇక్కడిదాకా ఇది ఏ ఇంగ్లిషు ప్రొఫెసర్ కథయినా కావచ్చు. మలుపు కింగ్‌స్టన్‌లో వచ్చింది. కెనడా సాహిత్యం చెబుదామంటే పుస్తకాల్లేవు! రాసినవాళ్లున్నారు. వాళ్ల పుస్తకాలు ఒకసారి అచ్చయి, అమ్ముడుపోక, మళ్లీ అచ్చు కాక పోయాయి. ముప్పైమంది ఉన్న క్లాసుకి లైబ్రరీలో ఉన్న ఒక్క ప్రతితో నవల చెప్పడం ఎలా? వంతులవారీగా చదివించినా టర్ము అయిపోతుంది. ఇది సాహిత్య సమస్య కాదు, సరుకు సమస్య. సరుకు లేకపోతే కోర్సు ఉండదు. కోర్సు లేకపోతే అడిగేవాడుండడు, అడిగేవాడు లేకపోతే ప్రచురణకర్త అచ్చు వేయడు. ఈ గానుగలోంచి ఎవరో ఒకరు ఎద్దును విప్పాలి.

1951లో, కళల పరిస్థితి మీద కెనడా ప్రభుత్వం వేసిన మాసీ కమిషన్ నివేదిక వచ్చింది. మన దేశపు కళలను, విద్యను మనమే పోషించుకోకపోతే అమెరికా నీడలో కనుమరుగవుతాం అనేది దాని సారం. కళలకు సాయం అందించే కెనడా కౌన్సిల్ 1957లో పుట్టిందంటే దాని ఫలమే. ఆ గాలి వీస్తున్న రోజుల్లో, 1952లో, రాస్ టొరంటోలోని ప్రచురణకర్త జాక్ మెక్‌లెలండ్ ముందు ఒక ఆలోచన పెట్టారు. కెనడా పాత పుస్తకాలను విద్యార్థి కొనగలిగిన ధరకి పేపర్‌బ్యాకులుగా వేద్దామని. మెక్‌లెలండ్ తటపటాయించారు. చిన్న దేశం, చిన్న మార్కెట్టు. ఎవరు కొంటారు? ఆ ప్రశ్న తప్పని నేననను, డబ్బు పెట్టేవాడు అడగాల్సిందే. రాస్ మాత్రం వదల్లేదు. ఆలోచన పుస్తకంగా మారడానికి ఆరేళ్లు పట్టింది.

1958 జనవరిలో మొదటి నాలుగు వచ్చాయి. సింక్లెయిర్ రాస్ ‘యాజ్ ఫర్ మీ అండ్ మై హౌస్’, మోర్లీ కాలహన్ ‘సచ్ ఈజ్ మై బిలవ్డ్’, స్టీఫెన్ లీకాక్ ‘లిటరరీ లాప్సెస్’, ఫ్రెడరిక్ ఫిలిప్ గ్రోవ్ ‘ఓవర్ ప్రెయిరీ ట్రెయిల్స్’. ఈ నాలుగూ పక్కపక్కన పెట్టి చూస్తే వాటిని ఎంచిన మనిషి చెయ్యి కనబడుతుంది. ఒకటి దుమ్ము రేగే మైదానంలో పాస్టరు భార్య రాసుకునే డైరీ. ఒకటి టొరంటోలో ఇద్దరు వేశ్యల గతి బాగుచేయాలని తపించిన యువ ప్రీస్టు కథ. లీకాక్‌ది హాస్యం. గ్రోవ్‌ది, మానిటోబాలో దూరపు ఊళ్లో బడిపంతులుగా ఉంటూ వారం వారం గుర్రపుబండి కట్టుకుని మంచులో భార్యాబిడ్డల దగ్గరికి వెళ్లిన ఏడు ప్రయాణాల పుస్తకం. దీన్ని చదివేటప్పుడు నాకు మా నాన్న గుర్తొచ్చారు. బొబ్బిలి అవతల ఏకోపాధ్యాయ పాఠశాలలో పనిచేస్తూ శనివారం సాయంత్రం సైకిలు మీద విజయనగరం వచ్చేవారు. గుర్రం బదులు సైకిలు, మంచు బదులు వర్షం. పంతుళ్ల వారాంతాలు ఇలాగే ఉంటాయి కాబోలు అనుకున్నాను.

సింక్లెయిర్ రాస్ సంగతి ఇంకొంచెం చెప్పాలి. ఇంటిపేరు ఒకటే గానీ మాల్కమ్ రాస్‌కి ఆయన చుట్టం కాదు. బ్యాంకు గుమాస్తా. నలభై ఏళ్లకు పైగా ఒకే బ్యాంకులో పనిచేస్తూ రాత్రిళ్లు రాసుకున్నాడు. ఆ నవల 1941లో న్యూయార్కులో అచ్చయింది. అమ్ముడుపోలేదు. పదిహేడేళ్లు ఎవరికీ పట్టలేదు. పేపర్‌బ్యాకుగా వచ్చాక క్లాసుల్లోకి నడిచింది. ఇప్పుడు కెనడా నవల గురించి మాట్లాడేవాళ్లెవరూ దాన్ని దాటి పోలేరు. పుస్తకం అదే, ఒక్క అక్షరం మారలేదు. మారిందల్లా విద్యార్థి చేతికి అందడం. మా వృత్తిలో ప్రతిభను ‘కనిపెట్టడం’ గురించి చాలా గొప్పగా మాట్లాడుకుంటాం. కనిపెట్టడం అంటే చాలాసార్లు ఇంతే. ఉన్నదాన్ని మళ్లీ అచ్చు వేయించడం, ధర తగ్గించడం, ముందు నాలుగు పేజీల పరిచయం రాయించడం.

ఆ పరిచయాలు కూడా ఊరికే రాలేదు. ప్రతి పుస్తకానికీ ఒక ముందుమాట ఉండాలని మాల్కమ్ రాస్ పట్టు. మిగతా విశ్వవిద్యాలయాల్లోని ఇంగ్లిషు ఆచార్యుల చేత రాయించారు. సింక్లెయిర్ రాస్ నవలకి బ్రిటిష్ కొలంబియా విశ్వవిద్యాలయం నుంచి రాయ్ డానియల్స్ రాశారు. అంటే ఏమైంది? ముందుమాట రాయాలంటే చదవాలి. చదివినవాడు తన క్లాసులో చెప్పకుండా ఉండలేడు. ఆ రకంగా ఎవరి క్లాసులో వాళ్లు మిల్టన్, వర్డ్స్‌వర్త్ చెప్పుకుంటున్న ఒక తరం పంతుళ్లు తమ దేశపు పుస్తకాల వైపు తిరిగారు. ఈ కిటుకు రాస్ తెలిసి చేశారో తెలియక చేశారో గానీ, నేను చూసినంతలో ఆయన చేసిన పనులన్నిటిలోకీ తెలివైనది ఇదే. పుస్తకాలు అచ్చు వేయించడమే కాదు, వాటికి పంతుళ్లను కూడా తయారు చేసుకున్నారు.

విన్నిపెగ్ రోజుల్లో ఆయన క్లాసులో ఒక అమ్మాయి కూర్చునేది. నీపావా అనే చిన్న ఊరి నుంచి వచ్చి యునైటెడ్ కాలేజీలో చదువుతూ, పదిహేడో శతాబ్దం వినడానికి రాస్ దగ్గరికి వచ్చింది. ఆ అమ్మాయి మార్గరెట్ లారెన్స్. పెళ్లయ్యాక భర్తతో ఆఫ్రికా వెళ్లింది. అక్కడి జీవితం మీద రాసిన కథ ‘ది డ్రమ్మర్ ఆఫ్ ఆల్ ద వరల్డ్’ 1956లో క్వీన్స్ క్వార్టర్లీలో వచ్చింది. అప్పట్లో ఆ పత్రికకు సంపాదకుడు మాల్కమ్ రాస్. 1964లో ‘ది స్టోన్ ఏంజెల్’ రాసింది. తొంభై ఏళ్ల హేగర్ షిప్లీ, ఎవరికీ లొంగని ముసలావిడ, తన బతుకును తనే తవ్వుకుంటూ పోయే నవల. అది 1968లో న్యూ కెనేడియన్ లైబ్రరీలో చేరింది. పాఠం చెప్పిన పిల్ల పుస్తకం, ఇరవై ఏళ్ల తర్వాత ఆ పంతులు వేసిన జాబితాలోకే వచ్చి కూర్చుంది. నాకు తెలిసిన ఏ బిరుదూ ఏ సన్మానమూ దీనికి సాటి రాదు.

ఇక రాస్ డీన్‌గా చేసిన సంగతి. 1962లో ఆయన టొరంటో విశ్వవిద్యాలయంలోని ట్రినిటీ కాలేజీకి వచ్చి, అక్కడ ఆర్ట్స్ డీన్‌గా కొన్నేళ్లు చేశారు. హోస్కిన్ ఎవెన్యూ మీద రాతికట్టడం ఉంటుంది చూడండి, అదే. మన ఊళ్లో డీన్ అంటే కాన్వొకేషన్ రోజు గౌను వేసుకుని ముందు వరసలో నడిచే మనిషి. ఇక్కడ డీన్ అంటే బడ్జెట్టు, ఖాళీ పోస్టులు, ప్రమోషన్లు, మార్కుల మీద విద్యార్థుల అప్పీళ్లు, రోజుకు మూడు మీటింగులు. సాహిత్యం చెప్పేవాళ్లు ఈ కుర్చీకి భయపడతారు. చదువుకునే వేళ పోతుందని. నేను మా డిపార్ట్‌మెంటుకి నాలుగేళ్లు చైర్‌గా చేశాను. ఆ నాలుగేళ్లలో కొత్తగా చదివిన నవలలు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. ఆ బాధ నాకు తెలుసు.

అయినా ఆ కుర్చీని నేను తక్కువ చేసి మాట్లాడలేను. దానికొక కారణముంది. ఈ దేశంలో కాలేజీ పాఠాలు చాలామటుకు సెషనల్ లెక్చరర్లే చెబుతారు. అంటే టర్ముకొక కాంట్రాక్టు. ఆగస్టులో ఫోన్ మోగితే ఉద్యోగం ఉన్నట్టు. ఎనిమిదేళ్లు నేనూ అలాగే ఉన్నాను. ఆ రోజుల్లో మా డీన్ ఒక పెద్దాయన. డీన్ అయ్యాక కూడా ఉదయం ఎనిమిదిన్నరకి మొదటి సంవత్సరం క్లాసు ఒకటి వదలకుండా చెప్పేవారు. మాకు ఇవ్వాల్సిన కోర్సులు జూన్‌లోనే ఖాయం చేసి ఉత్తరం పంపేవారు. ‘వేసవంతా మీరు నిద్రపోవాలి కదా’ అన్నారొకసారి. ఆయన రాసిన పరిశోధన వ్యాసాలు నేను చదవలేదు. ఆ జూన్ ఉత్తరాలు మాత్రం దాచుకున్నాను. చైర్ అయ్యాక నేనూ జూన్‌లోనే పంపించాను, ఒక్క ఏడాది కూడా తప్పలేదు.

రాస్ విషయంలో నాకు నచ్చేది, డీన్ కుర్చీలో ఉన్న ఏళ్లలో కూడా సిరీస్ ఆగలేదు. ఆలోచిస్తే రెండూ ఒకే పనిలా కనబడతాయి. హక్కుల కోసం ఉత్తరాలు, ముందుమాట ఆలస్యమైతే గుర్తు చేయడం, డబ్బు చాలదంటే నచ్చజెప్పడం, ఇంకొకరి పేరు ముందుకు రావడానికి తను వెనక నిలబడటం. డీన్ గదిలో కూర్చున్నా అదే, ఎడిటర్ బల్ల దగ్గర కూర్చున్నా అదే. 1968లో ఆయన హాలిఫాక్స్‌లోని డల్‌హౌసీ విశ్వవిద్యాలయానికి వెళ్లి మళ్లీ పాఠాల్లో పడ్డారు.

అప్పటికి కెనడాలో విశ్వవిద్యాలయాలు ఒకదాని వెంట ఒకటి వెలిశాయి. యార్క్ 1959లో, ట్రెంట్ 1964లో, సైమన్ ఫ్రేజర్ 1965లో. ప్రతిచోటా కెనడా సాహిత్యం కోర్సు పెట్టారు. పెట్టగలిగారంటే పేపర్‌బ్యాకులు ఉన్నాయి గనక.

ఆయన జాబితాలో లోపాలూ ఉన్నాయి. ధర పెరగకూడదని కొన్ని పుస్తకాలను కత్తిరించి వేశారు. సుజానా మూడీ ‘రఫింగ్ ఇట్ ఇన్ ద బుష్’ అలా కుదించి వచ్చిందే. ఎంతోమంది విద్యార్థులు దాన్నే పూర్తి పుస్తకమనుకుని చదివారు. ఇంగ్లిషు ఆచార్యులకు నచ్చిందే దేశ సాహిత్యమైపోయిందన్న మాటా వచ్చింది. గాబ్రియెల్ రోయ్ లాంటి ఫ్రెంచి రచయితలను అనువాదంలో తెచ్చారు, అది మెచ్చుకోవాలి. ఈ నేల మొదటి మనుషుల గొంతు మాత్రం అందులో చాలా తక్కువ. జాబితా అంటేనే కొందరికి తలుపు తీయడం, కొందరికి తీయకపోవడం. 1978 ఫిబ్రవరిలో కాల్గరీలో కెనడా నవల మీద పెద్ద సదస్సు జరిగింది. ముఖ్యమైన నవలలేవో ఓట్లు వేసి తేల్చారు. దాని మీద పెద్ద గొడవే అయింది. నవలలకు ఓట్లేమిటని అడిగినవాళ్ల వైపే నేను. అయితే ఆ లెక్కలో మొదటి స్థానం ‘ది స్టోన్ ఏంజెల్’కి వచ్చింది. రాస్ సిరీస్ బాధ్యత నుంచి తప్పుకున్నదీ ఆ సంవత్సరమే. 2002లో, తొంభై ఒకటో ఏట, కన్నుమూశారు.

ఆ సిరీస్‌ను 1988లో మళ్లీ నిలబెట్టింది డేవిడ్ స్టెయిన్స్. అటావా విశ్వవిద్యాలయంలో ఇంగ్లిషు ప్రొఫెసర్, తర్వాత అక్కడే ఆర్ట్స్ డీన్. ఆయనదీ పాత ఇంగ్లిషు సాహిత్యమే, మధ్యయుగాలు. ఒక మార్పు చేశారు. ముందుమాటలు తీసేసి, పుస్తకం చివర ఇంకో రచయిత చేత నాలుగు మాటలు రాయించారు. చూడ్డానికి చిన్న మార్పు. పాఠకుడు ముందు పుస్తకాన్ని కలుసుకుంటాడు, ఆ తర్వాత ఇంకొకరి అభిప్రాయాన్ని. ఆ సంగతి తెలిసినప్పటి నుంచి నేను కూడా నవల మొదలుపెట్టే రోజు ఉపన్యాసం మానేశాను. మొదటి అధ్యాయం క్లాసులోనే గట్టిగా చదివిస్తాను, మాట్లాడటం తర్వాత. 1994లో కెనడా కథాసాహిత్యానికిచ్చే గిల్లర్ ప్రైజ్ మొదటిసారి ఇచ్చినప్పుడు ఎలిస్ మన్రో, మోర్డెకై రిచ్లర్‌లతో పాటు న్యాయనిర్ణేతగా కూర్చున్నదీ స్టెయిన్స్ గారే. ముగ్గురూ కలిసి ఎం.జి. వాసంజీ ‘ది బుక్ ఆఫ్ సీక్రెట్స్’కి ఇచ్చారు. గుజరాతీ మూలాలున్న, తూర్పు ఆఫ్రికాలో పెరిగి టొరంటోలో స్థిరపడ్డ రచయిత. ఆ పుస్తకాన్ని నా జాబితాలో పెట్టిన ఏడాది, వెనక బెంచీలో కూర్చునే పంజాబీ పిల్లలు ముందుకు వచ్చి కూర్చున్నారు.

ఇవన్నీ చదువుతుంటే నాకు వాల్తేరు గుర్తొచ్చింది. కె.ఆర్. శ్రీనివాస అయ్యంగార్ 1947లో ఆంధ్ర విశ్వవిద్యాలయానికి ఇంగ్లిషు ప్రొఫెసరుగా వచ్చారు. భారతీయులు ఇంగ్లిషులో రాసింది కూడా సాహిత్యమేనని, దాన్ని క్లాసులో చెప్పాలని పట్టుబట్టిన తొలి తరం మనిషి. 1959లో లీడ్స్ విశ్వవిద్యాలయానికి వెళ్లి ఆ విషయం మీదే ఉపన్యాసాలిచ్చారు. 1962లో ‘ఇండియన్ రైటింగ్ ఇన్ ఇంగ్లిష్’ అనే పెద్ద గ్రంథం తెచ్చారు. 1966లో వైస్ చాన్సలర్ అయ్యారు. కింగ్‌స్టన్‌లో ఒకరు, వాల్తేరులో ఒకరు, ఇంచుమించు ఒకే కాలంలో, ఒకే పని. ఇంగ్లండ్ వాళ్ల కవిత్వం చెప్పడానికి నియమితులైన పంతుళ్లు, మన ఇంట్లో ఏముందో చూద్దామని వెనక్కి తిరిగారు.

నేను ఎం.ఏ. చదివిన చోట ఆ వెనక్కి తిరగడం మా జాబితాదాకా రాలేదు. ‘పారడైజ్ లాస్ట్’ మొదటి కాండం వరసల నంబర్లతో సహా అప్పజెప్పేవాళ్లం. నేను పుట్టిన విజయనగరంలో, మహారాజా కాలేజీలో, గురజాడ అప్పారావు పాఠాలు చెప్పారు. కుర్రతనంలో ‘సారంగధర’ను ఇంగ్లిషు పద్యంగా రాశారు. ‘కన్యాశుల్కం’ నాటకానికి ముందుమాట ఇంగ్లిషులోనే రాశారు. అలాంటి మనిషి ఊళ్లో పుట్టి, ఇంగ్లిషు సాహిత్యం చదువుతూ, రెండేళ్లలో ఆయన పేరు క్లాసులో ఒక్కసారి కూడా వినలేదు. అది తెలుగు వాళ్లు చూసుకుంటారు, మన డిపార్ట్‌మెంటు కాదు అనేది అప్పటి లెక్క. ఇంటికెళ్లి అమ్మ నోట ఆ నాటకంలోని మధురవాణి మాటలు వినడం, పొద్దున్నే మిల్టన్‌కి రావడం. రెంటికీ మధ్య గోడ ఉందని కూడా తెలియలేదు, అంత అలవాటైపోయింది.

‘కన్యాశుల్కం’కి వెల్చేరు నారాయణరావు గారి అనువాదం ‘గర్ల్స్ ఫర్ సేల్’ 2007లో ఇండియానా యూనివర్సిటీ ప్రెస్ నుంచి వచ్చింది. వచ్చిన రెండో ఏడే నా ఫారంలో ఒక గడి దానికి ఇచ్చాను. 1892లో విజయనగరంలో మొదటిసారి ఆడిన నాటకాన్ని, ఒంటారియోలో ముప్పైమంది పిల్లల ముందు తెరవబోతూ చేతులు వణికాయంటే నమ్మండి. అనువాదంలో గిరీశం మాటల విరుపు కొంత పోతుంది, తప్పదు. కానీ ముసలాడికి చిన్నపిల్లని అమ్మే బేరం ఏ భాషలో చదివినా గొంతులో అడ్డం పడుతుంది. ఆ టర్ములో హాలిఫాక్స్ అమ్మాయి ఒకతె, పేపరుకి మధురవాణిని తీసుకుంది. ఆ నాటకంలో డబ్బు లెక్కలు అందరికంటే బాగా తెలిసింది ఆవిడకే అని రాసింది. నేను అలా ఎప్పుడూ ఆలోచించలేదు. చిన్నప్పటి నుంచి నాటకం వింటున్నదాన్ని, ఆ కాగితం చదివాక మళ్లీ మొదటి నుంచి చదువుకున్నాను.

ఈ ఏడు ఫారం పంపించి రెండు వారాలైంది. నిన్న పుస్తకాల షాపు నుంచి ఫోన్. మిగతావన్నీ వచ్చాయట. కన్యాశుల్కం మాత్రం స్టాకులో లేదు, ఆర్డరు మీద తెప్పించాలి, ఎప్పటికి వస్తుందో చెప్పలేం, ఇంకో పుస్తకం పెట్టుకుంటారా అని అడిగారు. పెట్టుకోనని చెప్పాను. ఊళ్లో పాత పుస్తకాలమ్మే రెండు దుకాణాలకు రాశాను. విశ్వవిద్యాలయం లైబ్రరీలో ఉన్న రెండు ప్రతులను రిజర్వులో పెట్టించాను. పోయినేడు చదివిన పిల్లలకు, మీ దగ్గరున్న ప్రతులు తమ్ముళ్లకీ చెల్లెళ్లకీ ఒక టర్ము అప్పిస్తారా అని మెయిల్ పెట్టాను. ఇప్పటికి పదకొండు పోగయ్యాయి. ముప్పై రెండు కావాలి. గురువారం మళ్లీ షాపుకి ఫోన్ చేస్తాను.